నీళ్ళు పోయించుకోని పెట్టెలమ్మ

మొగరేవులో కొలువైన పెట్టెలమ్మ తల్లి దర్శనానికి విచ్చేసే భక్తులకు ముందుగా ఒక మనవి. ఇక్కడ అమ్మవారికి అభిషేకం లేదు. పసుపునీళ్ళ బిందెలు, పాలచెంబులు, పంచామృతాల గిన్నెలు తెచ్చుకున్నవారు వాటిని మెట్ల దగ్గరే దించి రావాలి. సముద్రస్నానం చేసి తడిబట్టలతో ప్రదక్షిణం చేయడం మిగతాచోట్ల పుణ్యమేమో గాని, ఇక్కడ అపచారం. ఒళ్ళు తుడుచుకుని, పొడిబట్ట కట్టుకుని, గుమ్మం ముందు పరచిన గోనెపట్టా మీద పాదాలు రాసుకుని లోపలికి రావాలి. కొబ్బరికాయ కూడా ప్రహరీ బయటే కొట్టాలి. ఈ సంగతి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించినా, ప్రతి ఆదివారమూ ఎవరో ఒకరు కొంగుచాటున చెంబు దాచుకుని రానే వస్తారు. భక్తి అలాంటిది. మొదట్లో ఈ ఊరి పెద్దలే ఆ పొరపాటు చేశారు కనుక మేము ఎవరినీ గట్టిగా కోప్పడం.

గర్భగుడిలో రాతి విగ్రహం కనిపించదు. మోకాలెత్తున ఒక కర్రపెట్టె ఉంటుంది. చేవదేరిన ఎర్రటి కర్ర, మూలమూలకూ ఇనుప పట్టీలు, తలుపు మీద పువ్వులూ తీగలూ చెక్కిన నల్లటి ఇనుపరేకు. దానికే పొడిపసుపు అద్ది, కుంకుమబొట్లు పెట్టి, ఎర్రచీర చుడతారు. ఆమే అమ్మవారు. ఆమెకు చేసే సేవ ఒక్కటే, విసరడం. గుమ్మం పక్కన బుట్టలో తాటాకు విసనకర్రలు ఉంటాయి. చేయి నొప్పి పుట్టేదాకా విసిరి, మనసులో మాట చెప్పుకుని, ప్రసాదంగా అటుకులూ పుట్నాలపప్పూ తీసుకుని వెళ్ళడం ఆచారం. ప్రసాదంలో కూడా తడి ఉండదు.

ఇదేమి వింత అని అడగని భక్తుడు లేడు. అడిగిన ప్రతివారికీ కథంతా చెప్పే ఓపిక పూజారులకు లేకపోవడం వల్లనే ఈ చిన్న పుస్తకం అచ్చువేయించాము.

పూర్వం ఇక్కడ ఓడల రేవు ఉండేది. ఏరు సముద్రంలో కలిసే మొగ అప్పట్లో లోతుగా ఉండి, తెరచాప ఓడలు ఊరి ముంగిట్లోకే వచ్చి ఆగేవి. ఇక్కడి నుంచి బియ్యం, నువ్వులు, నేతబట్టలు ఎక్కించుకుని తూర్పు దేశాలకు వెళ్ళి, టేకు దుంగలూ మిరియాలూ తెచ్చేవారు. ఓడను నడిపే నాయకుణ్ణి తండేలు అంటారు. ఆ కాలంలో మైలపల్లి దానయ్య అనే తండేలు ఉండేవాడు. ఆయన భార్య పేరు పోలమ్మ. ఈ కథ ఆమెది.

పోలమ్మ నోటికి ఊరంతా జడిసేది. చేపల బేరంలో ఆమెను ఒప్పించినవాడు లేడు, దెబ్బలాటలో ఆమెతో నెగ్గినవాడు లేడు. అంతటి మనిషీ, దానయ్య ఓడ ఎక్కే రోజున మాత్రం నోరు మెదపకుండా వచ్చి రేవులో నిలబడేది. మొగుడి మీద ఆమెకు ఉన్నది పిచ్చి ప్రేమ. దాన్ని దాచుకోవడం ఆమెకు చేతకాలేదు, దాచుకోవాలని కూడా అనుకోలేదు.

ఈ రేవులో ఒక ఆనవాయితీ ఉంది. ఓడ ఎక్కే మగవాడికి భార్యో తల్లో పసుపుగుడ్డలో గుప్పెడు బియ్యం మూటగట్టి ముడుపుగా ఇస్తుంది. అతను క్షేమంగా ఇంటికి చేరాక ఆమే ఆ ముడి విప్పి, ఆ బియ్యంతో అన్నం వండి పెడుతుంది. సముద్రం మీద ప్రాణం పోతే తోటివాళ్ళు ముడి విప్పి బియ్యాన్ని నీళ్ళలో చల్లుతారు. అంటే ముడి ముడిగా ఉన్నంతకాలం ముడుపు మోసేవాడు బతికి ఉన్నట్టే. ఆ ఏడు పోలమ్మ కట్టిన ముడుపు నడుముకు చుట్టుకుని దానయ్య ఓడ ఎక్కాడు.

మాఘమాసంలో రావలసిన ఓడ ఫాల్గుణంలోనూ రాలేదు. చైత్రం వచ్చింది. తూర్పు నుంచి వచ్చిన పరాయి ఓడలవాళ్ళు పెద్ద గాలివాన చూశామన్నారే గాని మొగరేవు ఓడను చూశామనలేదు. దానయ్య పెదనాన్న మైలపల్లి అప్పలసూరి ఊరికి కులపెద్ద. వయసులో ఉన్నప్పుడు తానూ తండేలే. ఆయన చెడ్డవాడు కాడు. అయితే ఊరి భారం ఆయన నెత్తిన ఉంది. సముద్రంలో పోయినవారికి కర్మ జరిగేదాకా ఊరికి మైల. మైల తీరేదాకా ఒక్క తెప్ప కూడా నీళ్ళలోకి దిగకూడదు. పొయ్యిల మీద గంజి తప్ప మరొకటి కాగడం లేదు. అందువల్ల ఆయన ఓడ మీద వెళ్ళినవారి ఇళ్ళన్నీ తిరిగి, వైశాఖ అమావాస్యనాడు కర్మ జరిపిస్తానని చెప్పి వచ్చాడు. కర్మ అంటే ఆడవాళ్ళ చేతి గాజులు పగలడమని వేరే చెప్పనక్కర్లేదు.

పోలమ్మ వాకిట్లో నిలబడి రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

"నా మొగుడు సచ్చిపోనాడని నీకెవలు సెప్పినారు పెద్దమావా?"

"ఎవలు సెప్పాలే పోలీ? సంద్రం సెప్తాదా? రానేదు. అదే సెప్పడం."

"ఆడు సచ్చిపోనాడన్న కబురొచ్చినదాకా ఈ గాజులు నా సేతినే ఉంటాయి. అమాస నాడు నువ్వు రాయి అట్టుకొస్తే, నాను కత్తిపీట అట్టుకుని కూకుంటాను."

అప్పలసూరికి కోపం రాలేదు. దానయ్యను ఆయన భుజాన వేసుకుని పెంచాడు. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

వైశాఖం మొదట్లో ఒక తెల్లవారుజామున గుల్లలు ఏరడానికి ఒడ్డుకు వెళ్ళిన ఆడవాళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చారు. నీళ్ళలో ఏదో తేలుతూ వస్తోందన్నారు. ఊరంతా కదిలింది. అల అల్లంత ఎత్తు లేస్తోంది. దాని మీద ఆ పెట్టె బోర్లాపడకుండా, మునగకుండా, పీట మీద కూర్చున్న పెద్ద ముత్తయిదువలా నిటారుగా వచ్చి ఇసుకలో ఆగింది. ఇనుము కట్టిన పెట్టె తేలడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరుగరు. ఇనుము తేలిందంటే అది మామూలు ఇనుము కాదు, వచ్చినది మామూలు పెట్టె కాదు. అప్పలసూరి ఇసుకలో సాష్టాంగపడ్డాడు. గంగమ్మతల్లి తన రూపాన్ని తానే పంపిందని అందరూ చేతులెత్తి మొక్కారు.

తలుపుకు వేసిన తాడు విప్పి, లోపల ఏముందో చూద్దామని ఇద్దరు ముగ్గురు లాగి చూశారు. తలుపు రాలేదు. గునపంతో తెరుద్దామని ఎవరో అంటే అప్పలసూరి చెంప వాయించాడు. తల్లి మూసుకున్న తలుపును తెరవడానికి నువ్వెవడివిరా అన్నాడు. ఆ పూటే తాటాకుల పందిరి వేసి, పెట్టెను పీట మీద నిలిపి, బిందెలతో పసుపునీళ్ళు కుమ్మరించారు. ఆనాటి నుంచి రోజూ పొద్దున ఇంటికొక బిందె.

పోలమ్మ కూడా ఒక బిందె పోసింది. పోసి, కిందికి వంగి మొక్కుతుంటే, పీట పక్కన పడేసిన తాడు కంటపడింది. సగం విప్పిన ముడి ఇంకా దానికే ఉంది. రెండు చుట్లు వేసి, కొసను వెనక్కి మడిచి దూర్చిన ముడి. ఆమె ఇంటికి పరుగెత్తింది. చూరుకు వేలాడుతున్న ఉట్టి కేసి చూసింది. దానయ్య కట్టిన ఉట్టి అది. అదే ముడి, అదే మడత. ఉట్టిలోని కుండతో సహా తెంపి, పందిరి దగ్గరకు తెచ్చి అప్పలసూరి ముందు పెట్టింది.

"ఇది నా ఇంటోడి సేతి ముడి. ఈ పెట్టి ఆడే పంపినాడు. లోపల కబురుంటాది. తెరువు పెద్దమావా."

"సంద్రం మీద తిరిగినోడు ఎవడైనా ఇదే ముడి ఏత్తాడే. నానూ ఏత్తాను. తల్లిని గునపాలెట్టి పొడవమంతావా?"

ఆయన మాటలోనూ నిజం ఉంది. అయినా పోలమ్మ పందిరి వదలలేదు. అందరూ వెళ్ళిపోయాక తలుపు సందులో గోళ్ళు దూర్చి లాగేది. వెంట్రుక దూరే సందైనా లేదు. పొద్దున బిందెలు పడిన తరువాతైతే తలుపూ చట్రమూ ఒకే కర్రలో తొలిచినట్టు బిగుసుకుపోయేవి. అమావాస్య దగ్గర పడుతోంది.

ఒక మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతుండగా, పోలమ్మ పందిరి గుంజకు ఆనుకుని కునికింది. ఆ కునుకులో ఆమెకు ఒక కల వచ్చింది. పీట మీద పెట్టె లేదు. దాని చోట ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. తడిసిన జుట్టు వీపుకు అంటుకుని, చీర కొసల నుంచి నీళ్ళు కారుతూ, అంత ఎండలోనూ వణికిపోతోంది. రెండు చేతులూ గుండెకు అదుముకుని ఏదో దాచుకుంది.

"ఏటమ్మా దాసినావు?" అని పోలమ్మ అడిగింది.

"నీదే. ఇచ్చీడానికే వచ్చినాను. సేతులిప్పుదామంటే మీరు ఇప్పనిత్తన్నారేటి? రోజూ ఇన్నేసి నీల్లు పోత్తే వొణుకెలా తగ్గుతాది? నన్ను ఆరనియ్యండర్రా."

పోలమ్మ ఉలిక్కిపడి లేచింది. పక్కన పొయ్యి రాజేయడానికి ఉంచిన తాటాకు విసనకర్ర కనిపించింది. దాన్ని తీసుకుని పెట్టెకు విసరడం మొదలుపెట్టింది.

మరునాడు పొద్దున బిందెలు పట్టుకుని వచ్చినవారికి పందిరి గుమ్మంలో పోలమ్మ అడ్డంగా నిలబడి కనిపించింది. కల చెప్పింది. కొందరు నమ్మారు, కొందరు నవ్వారు, ఒకరిద్దరు మొగుడు పోయిన దిగులుతో మతి చలించిందని గొణిగారు. అమ్మవారికి స్నానం మానితే ఊరికి ఏ కీడు మూడుతుందో అని అప్పలసూరి భయం. అమ్మవారు కలలో చెప్పినది కాదంటే ఇంకెంత కీడు మూడుతుందో అని అంతకు మించిన భయం. చివరికి, "అమాస దాకా నీ మాటే. తరవాత నా మాట ఇనాల," అన్నాడు. పోలమ్మ సరేనంది.

పందిరిలో సముద్రపు చెమ్మ ఎక్కువని, ఆడవాళ్ళందరూ కలిసి పెట్టెను పీటతో సహా మోసుకుని, మొగలిపొదల అవతల ఉన్న ఇసుకమెట్ట మీదకు చేర్చారు. అక్కడికి పడమటిగాలి వేడిగా, పొడిగా వీస్తుంది. పైన నీడకు గోనెలు కట్టారు. ఓడ మీద వెళ్ళినవారి భార్యలు, తల్లులు చుట్టూ కూర్చుని వంతుల వారీగా విసిరారు. గంజి తాగి వచ్చి విసిరారు, పాటలు పాడుతూ విసిరారు, పాటలు అయిపోయాక ఒకరినొకరు తిట్టుకుంటూ విసిరారు. చేతులు పడిపోయినా ఎవరూ మానలేదు. నేడు మన గుడి ఉన్నది ఆ మెట్ట మీదనే.

అమావాస్య ముందు రోజు సాయంత్రం, పోలమ్మ విసురుతూ ఉండగా పెట్టె లోపల నుంచి చిటుక్కుమని చిన్న చప్పుడైంది. ఆమె విసనకర్ర కింద పెట్టి, రెండు వేళ్ళతో తలుపు పట్టుకుని లాగింది. ఈసారి లాగవలసిన పనే లేదు. తలుపు తనంతట తానే ఇవతలికి వచ్చింది.

లోపల తెల్లటి, దూదిలాంటి తేలిక కర్రతో చేసిన సొరుగులు ఉన్నాయి. పోలమ్మ పైసొరుగు తెరిచింది. అందులో పసుపుగుడ్డ ముడుపు ఉంది. ముడి విప్పలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే బియ్యం గలగలలాడాయి. ఇన్నాళ్ళు నడిసముద్రంలో నాని, అలల్లో పొర్లి, ఇక్కడికి వచ్చి బిందెల కొద్దీ నీళ్ళు పోయించుకున్న పెట్టెలో గుప్పెడు బియ్యం పొడిపొడిగా ఉన్నాయి. పోలమ్మ ఆ ముడుపును కళ్ళకద్దుకుని బావురుమంది. ఆనందం వస్తే మనిషి ఎంత ఏడవగలదో ఆ మెట్ట మీద అందరూ చూశారు.

రెండో సొరుగులో గవ్వలు ఉన్నాయి. మనిషికొక గవ్వ అని అందరికీ అర్థమైంది. ఒక్కొక్కరి పేరు చెప్పి ఒక్కొక్క గవ్వ పక్కన పెట్టారు. ఎవరి పేరు దగ్గర గవ్వలు అయిపోతాయో అని ప్రతి తల్లీ ఊపిరి బిగబట్టింది. అయిపోలేదు. అందరి పేర్లూ పూర్తయ్యాక ఒక గవ్వ మిగిలింది. మళ్ళీ మొదటి నుంచి పేర్లు చెప్పారు, మళ్ళీ ఒకటి మిగిలింది. సముద్రం తీసుకున్న దానికన్నా ఎక్కువ తిరిగి ఇవ్వడం ఈ రేవులో అదే మొదలు.

కింది సొరుగులో కొబ్బరిచిప్ప నిండా ఇసుక ఉంది. అది చూసి ఆడవాళ్ళు తెల్లబోయారు గాని అప్పలసూరి తెల్లబోలేదు. ఓడవాళ్ళు లోతు చూడటానికి తాడుకు సీసపు గుండు కట్టి, దానికి కొవ్వు రాసి నీళ్ళలోకి వదులుతారు. పైకి తీసినప్పుడు కొవ్వుకు అంటుకుని వచ్చిన ఇసుకను బట్టి ఏ ఒడ్డుకు దగ్గరగా ఉన్నారో పోల్చుకుంటారు. ఆయన ఆ ఇసుకను అరచేతిలో పోసుకుని, వేలితో నలిపి, నాలుక మీద వేసుకున్నాడు. తెల్లటి ఇసుకలో ఎర్రటి పగడపు నలుసులు. వయసులో ఉండగా తాగునీళ్ళ కోసం ఒకసారి ఓడ ఆపిన దీవి ఆయనకు గుర్తొచ్చింది.

"గవ్వలదీవి," అన్నాడు. "మనుషులుండరు. నీల్లుంటాయి. ఆల్లు అక్కడే ఉన్నారు." అరచేతిలోని ఇసుకను మళ్ళీ చిప్పలో పోశాడు. "తల్లి కబురు అట్టుకొచ్చి గుమ్మంలో నిలబడితే, రోజూ నీల్లోసి తలుపు మూసింది మనమేనర్రా."

"పోనీ పెద్దమావా," అంది పోలమ్మ. "బక్తితోనే కదా పోసినావు. నానూ పోసినాను ఒక బిందె."

అమావాస్యనాడు కర్మకు బదులు రేవులో ఉన్న మరో ఓడకు తెరచాప కట్టారు. ముసలితనాన్ని లెక్కచేయకుండా అప్పలసూరే తండేలుగా వెళ్ళాడు. తొలకరి తుఫానులు మొదలయ్యేలోగా దీవి చేరడం ఒక ఎత్తు, నైరుతి గాలికి ఎదురు నిలిచి తిరిగి రావడం మరొక ఎత్తు. ఆ నెలంతా పోలమ్మ మెట్ట మీద నుంచి దిగలేదు. ఖాళీ పెట్టెకు విసురుతూనే కూర్చుంది. ఆషాఢంలో ఒక ముసురు పట్టిన పగలు మొగలో తెరచాప కనిపించింది. దానయ్య ఎముకల గూడులా ఉన్నాడు గాని నడిచే దిగాడు. పోలమ్మ ముడి విప్పి, ఆ బియ్యం వండి పెట్టి, ఆయన తింటున్నంతసేపూ ఇన్నాళ్ళూ దాచుకున్న తిట్లన్నీ తిట్టింది.

పేరున్న గవ్వలన్నీ దిగాక, మిగిలిన గవ్వ కూడా ఓడ దిగింది. పొట్టిగా, పసిమి రంగులో, చిన్న కళ్ళతో ఉన్న మనిషి. మాట ఎవరికీ తెలియదు. ఆయన జపాను దేశపు ఓడ వర్తకుడని, పేరు కిచిజో అని తరువాత తెలిసింది. వాళ్ళ ఓడ చుక్కాని విరిగి నెలల తరబడి కొట్టుకుపోయి, తోటివాళ్ళందరూ చనిపోగా, ఒక్కడే తన పెట్టెను కౌగిలించుకుని నీళ్ళ మీద ఉంటే, వెళ్ళేదారిలో దానయ్య చూసి ఎక్కించుకున్నాడు. ఊరివారు ఆయన్ను కిచ్చయ్య అన్నారు. ఆయన పలికాడు.

పెట్టె కథ దానయ్యే చెప్పాడు. ఓడ పగిలి దీవి చేరాక, కబురు పంపడానికి వాళ్ళు వెదురుబొంగులు వదిలారు, కొబ్బరికాయలు వదిలారు. అలలు వాటిని తిరిగి అదే ఒడ్డున పడేశాయి. కిచ్చయ్య పెట్టె మాత్రం ఎవరూ అడగలేదు. ఆ దేశపు ఓడ వర్తకులకు అలాంటి పెట్టే సర్వస్వం. ఓడ అనుమతి పత్రాలు, వ్యాపారం ముద్ర, మంచిబట్టలు, అన్నీ అందులోనే. ఓడ మునిగిపోతుంటే పెట్టెను నీళ్ళలోకి తోసేస్తారు, అది తేలుతుంది. బయట గట్టికర్ర, లోపల తేలికకర్ర. తడి తగిలిన కొద్దీ ఉబ్బి సందులన్నీ మూసుకుంటుంది, చుక్క నీటిని లోపలికి రానివ్వదు. ఆరితే తెరుచుకుంటుంది. తాను ఫలానావాణ్ణని చెప్పుకోవడానికి కిచ్చయ్యకు లోకంలో మిగిలిన ఆనవాలు అదొక్కటే. ఒకనాడు ఆయన దాన్ని ఒడ్డుకు తెచ్చి, ఒక్కొక్క వస్తువూ తీసి, ఇసుకలో గుంట తవ్వి పూడ్చిపెట్టాడు. ఒక దువ్వెన మాత్రం నడుములో దోపుకున్నాడు. ఖాళీ పెట్టెను దానయ్య ముందుకు తోసి దణ్ణం పెట్టాడు. దానయ్య నడుముకున్న ముడుపు విప్పి పైసొరుగులో పెట్టాడు. "ఆడు పెట్టి ఇవ్వకపోతే మేమందరం ఆ దీవిలో ఎముకలైపోదుం," అని చెప్పి ముగించాడు.

అప్పలసూరి కిచ్చయ్యను మెట్ట మీదకు తీసుకువెళ్ళాడు. పసుపు, కుంకుమ, ఎర్రచీరతో పీట మీద కూర్చున్న తన పెట్టెను చూసి కిచ్చయ్య నోరు తెరిచాడు. ఇది నీ సొత్తు, తీసుకో అని అప్పలసూరి సైగ చేశాడు. కిచ్చయ్య దగ్గరకు వెళ్ళి, సొరుగును వేలికొసతో ముందుకూ వెనక్కూ జరిపి చూశాడు. అది మెత్తగా జరిగింది. చుట్టూ పడి ఉన్న విసనకర్రల గుట్టను చూశాడు. ఏం జరిగిందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తానూ ఒక విసనకర్ర తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని విసిరాడు. పెట్టెను తిరిగి తీసుకోలేదు.

సముద్రం దాటిపోయినవాణ్ణి ఆ దేశంలో అప్పట్లో తిరిగి రానిచ్చేవారు కాదట. కిచ్చయ్య ఇక్కడే ఉండిపోయాడు. వడ్రంగం నేర్పాడు, మన మాట నేర్చుకున్నాడు, ఎండుచేపల పులుసు మాత్రం ఎంత బతిమాలినా ముట్టలేదు. పోలమ్మ ఇంట్లోనే ఆయన భోజనం. ఆమె ఆయన్ను అన్నా అనేది. అందరినీ తిట్టే మనిషి ఆయన్నొక్కణ్ణీ తిట్టేది కాదు.

ఒకనాడు పోలమ్మ ఆయన గుడిసె ఊడుస్తుండగా చాప కింద దువ్వెన దొరికింది. ఆడవాళ్ళు జడలో పెట్టుకునే సన్నటి కర్రదువ్వెన.

"ఎవలిదన్నా ఇది?"

"నా ఇంటిమనిషిది," అన్నాడు కిచ్చయ్య.

"నువ్వు బతికున్నట్టు ఆవిడకి తెలుసునా?"

కిచ్చయ్య తలుపులోంచి కనిపిస్తున్న సముద్రం కేసి చూశాడు.

పోలమ్మ తన చేతుల కేసి చూసుకుంది. తన గాజులు తన చేతికి ఉన్నాయి. వాటిని నిలబెట్టినవాడి ఇంట్లో, సముద్రానికి అటువైపు, తనలాంటిదే ఒక మనిషి వాకిట్లో నిలబడి ఉంది. ఆమె దగ్గరకు ఏ పెట్టే వెళ్ళలేదు. కృతజ్ఞత అనే మాట పోలమ్మకు తెలియదు. తెలిసినదల్లా తిన్నది అరగకపోవడం, నిద్ర పట్టకపోవడం. మరునాడు కిచ్చయ్య దగ్గర కూర్చుని, అచ్చం అలాంటిదే ఒక చిన్న పెట్టె చేసి ఇమ్మంది. అది పూర్తయ్యాక పైసొరుగులో ముడి విప్పని ముడుపు పెట్టింది. రెండో దానిలో ఒకే ఒక్క గవ్వ వేసింది. కింద మొగరేవు ఇసుక పోసింది. వైశాఖ అమావాస్యనాడు ఊరంతా కలిసి దాన్ని మొగ దాటించి, పెద్ద సముద్రంలో వదిలారు. కిచ్చయ్య ఒడ్డున నిలబడి అది కనుమరుగయ్యేదాకా చూశాడు. ఆ తరువాత పోలమ్మ పాదాలకు నమస్కరించబోతే ఆమె చెంగున వెనక్కి దూకి, అన్న చెల్లెలి కాళ్ళకు మొక్కుతాడా అని మొదటిసారి ఆయన్ను కూడా తిట్టింది.

ప్రతి ఏడూ ఒక పెట్టె వెళ్ళింది. ఏ పెట్టె గురించీ ఏ కబురూ రాలేదు. కిచ్చయ్య తలపండి, పోలమ్మ చేతిలోనే నీళ్ళు తాగి కన్నుమూశాడు. కొడుకు స్థానంలో ఉండి దానయ్యే కర్మ చేశాడు.

ఆ ఏడు వైశాఖ అమావాస్య వచ్చింది. అప్పటికి అప్పలసూరి లేడు, కొత్త కులపెద్ద ఉన్నాడు. ముడి విప్పని ముడుపూ, గవ్వా బతికి ఉన్నవారికే గదా, పోయినవాడికి పెట్టడం అబద్ధం ఆడినట్టవుతుంది, ఇక ఈ ఆచారం ఆపుదామని ఆయన అన్నాడు. ధర్మం మాట్లాడాడనే అందరూ అనుకున్నారు. నడుము వంగిన పోలమ్మ కర్ర ఊతంతో పెట్టె దగ్గరకు వచ్చి, సొరుగు తెరిచి, తన కొంగున ఉన్న గవ్వను అందులో వేసింది.

"ఆవిడికి కబురు సేరనేదు," అంది. "ఆవిడికి సేరినదాకా మా అన్న బతికున్నట్టే."

కులపెద్దే సొరుగు మూసి, పెట్టెను పడవలోకి ఎక్కించాడు.

నేటికీ ఈ ఆచారం తప్పలేదు. మన ఊరి వడ్రంగులు ప్రతి ఏడూ ఒక చిన్నపెట్టె చేస్తారు. కిచ్చయ్య చూపిన కొలతే, సందు లేని సొరుగులే. తీరంలో ఇంతమంది కిచ్చయ్యలు ఈ ఒక్క ఊళ్ళోనే ఎందుకు ఉన్నారని ఓటర్ల జాబితా రాయడానికి వచ్చినవారు ఆశ్చర్యపోతుంటారు. ఇంటికొకరైనా ఉంటారు, ఉండాలి. అయినవాళ్ళు దూరాన ఉన్నవారు, ఓడ ఉద్యోగాలకూ ఎడారి దేశాల కూలికీ మనుషుల్ని పంపుకున్నవారు, ఫోను మోగక దిగులుపడేవారు ఇక్కడికి వచ్చి అమ్మవారికి విసురుతారు. విసిరినవారికి కబురు అందుతుందని, అందిన కబురు మంచిదై ఉంటుందని మా పెద్దల మాట. కబురు అందాక మొక్కుగా పొడిబియ్యం ముడుపు తెచ్చి కట్టి పోతారు. గుడి పైకప్పు కింద ఆ పసుపు మూటలు వేలాడుతూ ఉండటం మీరు చూడవచ్చు.

సముద్రపు పోకడ తెలిసిన మా తండేళ్ళను అడిగితే, ఇక్కడ వదిలిన పెట్టె ఆ దేశం దాకా చేరదనే చెబుతారు. అలా చెప్పిన తండేళ్ళే అమావాస్యనాడు పడవ కట్టి, పెట్టెను మొగ దాటిస్తారు. ఈ ఏడూ దాటించారు. అందులో గవ్వ వేశారు.